నాయన గేటు దాకా వచ్చి ఎందుకు వెనక్కి తిరుగుతున్నారు?

ప్రశ్న: మాది కడప. మా నాయనకు 63 ఏళ్లు. ఎనిమిది నెలల కింద పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. మాట బాగానే ఉంది. మూడు నెలలు ఫిజియోథెరపీ చేయించాం. ఇప్పుడు నాలుగు కాళ్ల కర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతాడు, బాత్రూంకు సొంతంగా పోతాడు. బయటకు మాత్రం రాడు. గేటు దాకా వచ్చి, కాసేపు వీధిలోకి చూసి వెనక్కి పోతాడు. ఇంతకుముందు పొద్దున్నే టీ అంగడికి, శనివారం దేవుని కడప గుడికి పోయేవాడు. అమ్మేమో ‘పడితే ఎవరు చూస్తారు, ఇంట్లోనే ఉండనీ’ అంటుంది. నేను గట్టిగా చెప్తే కోప్పడతాడు. బలవంతం చేయొచ్చా? వీల్‌చైర్ తెస్తే ఉన్న నడక కూడా పోతుందా? ఎక్సెల్ బండి మళ్లీ నడుపుతానంటున్నాడు, కుదురుతుందా?
– ఒక కూతురు, కడప

జవాబు:

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ఆపింది గేటు మాట. మీ నాయన మంచం దిగనని మొండికేయడం లేదు. గేటు దాకా వస్తున్నారు. అంటే పోవాలనే ఉంది. వీధిని చూసి, తన కాలును చూసుకుని, ‘ఇది నా వల్ల కాదు’ అని తేల్చుకుని వెనక్కి తిరుగుతున్నారు. నిజం చెప్పాలంటే ఆయన అంచనా తప్పు కాదు. ఇంట్లో నడవడం ఆయనకు నేర్పారు. వీధిలో నడవడం ఎవరూ నేర్పలేదు.

ఇంట్లో నేల సమంగా ఉంటుంది. రెండడుగులకు ఒక గోడో తలుపో చేతికి అందుతుంది. తొందరపెట్టేవాళ్లు ఉండరు. గేటు దాటగానే మురికి కాలవ మీద పరిచిన కడప బండ ఉంటుంది, దాని ఒక మూల ఎత్తుగా లేచి ఉంటుంది, కాలు పెడితే కదులుతుంది. వెనక నుంచి బండి హారన్ కొడుతుంది. ఎదురింటాయన ‘ఏం రెడ్డీ, బాగుండావా’ అని పలకరిస్తాడు. ఆ పలకరింపుకు జవాబు చెప్తూ అడుగు వేయడం మనకు లెక్కలోకి రాదు. పక్షవాతం వచ్చినవాళ్లకు అది రెండు పనులు ఒకేసారి చేయడం. చాలామంది మాట్లాడాలంటే ఆగిపోతారు, నడవాలంటే మాట ఆపేస్తారు. గదిలో చేసిన వ్యాయామాల్లో ఇవేవీ ఉండవు. అందుకే నేను గట్టిగా చెప్పేది ఒకటే: కాలు పూర్తిగా బాగయ్యాక బయటకు పోదాంలే అని ఆగకండి. బయట నడక బయటే వస్తుంది.

ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు. 2004లో ఇంగ్లండ్‌లోని నాటింగ్‌హామ్ పరిశోధకులు పక్షవాతం వచ్చిన 168 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు బస్సులు, టాక్సీల వివరాలున్న కాగితాలు చేతికిచ్చి వదిలేశారు. రెండో గుంపు ఇళ్లకు ఆక్యుపేషనల్ థెరపిస్టు, అంటే రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే నిపుణులు, ఏడుసార్ల వరకు వెళ్లి, వాళ్లతో పాటు వీధిలోకి దిగి, వాళ్లు పోవాలనుకున్న చోటికే పోవడం సాధన చేయించారు. కోరుకున్నప్పుడు బయటకు పోగలుగుతున్నామని చెప్పినవాళ్లు నాలుగు నెలలకూ, పది నెలలకూ రెండో గుంపులోనే ఎక్కువ. తర్వాత 568 మందితో ఇంకా పెద్ద పరిశోధన చేసి 2014లో ఫలితాలు ప్రకటించారు. అందులో ఆరోగ్యం, జీవన నాణ్యత కొలిచే మార్కుల్లో పెద్ద తేడా కనిపించలేదు. ఆ సంగతి దాచడం నాకిష్టం లేదు. కానీ బయట ప్రయాణాలు మాత్రం సాధన చేసినవాళ్లలో బాగా పెరిగాయి. మీరు అడుగుతున్నది కూడా అదే కదా.

ఎనిమిది నెలలైంది, ఇంకేం వస్తుందిలే అనే మాట మీ చెవిన కూడా పడే ఉంటుంది. మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, ఆ తర్వాత నెమ్మదిస్తుంది, నిజమే. కానీ ఆగిపోదు. నడక వేగం, దమ్ము, ధైర్యం ఏడాది దాటాక కూడా సాధనతో పెరుగుతాయి.

ముందు ఆయన నడక ఎంతుందో కొలవండి. నేల చదునుగా ఉన్న చోట 10 మీటర్ల దూరానికి రెండు చాక్‌పీస్ గీతలు గీయండి. మొదటి గీతకు రెండు మీటర్ల ముందే నడక మొదలుపెట్టి, రెండో గీత దాటి రెండు మీటర్లు పోయాక ఆగమనండి. రెండు గీతల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్‌లో చూడండి. 25 సెకన్లు దాటితే, అంటే సెకనుకు 0.4 మీటరు కన్నా తక్కువైతే, ఆ నడక ఇంటి వరకే సరిపోతుందని సాధారణంగా లెక్క. పన్నెండున్నర సెకన్లలోపే నడిచేస్తే ఊళ్లో చాలావరకు తిరగవచ్చు. మధ్యలో ఉంటే దగ్గరి చోట్లకు, తోడుతో. ఇది పాస్, ఫెయిల్ పరీక్ష కాదు. రోడ్డు దాటే విషయంలో దీని విలువ తెలుస్తుంది. 7 మీటర్ల రోడ్డును సెకనుకు 0.4 మీటరు చొప్పున దాటాలంటే పదిహేడు సెకన్లు దాటుతుంది. ఏడు రోడ్ల కూడలిలో అంతసేపు ఆగే బండి ఏదీ ఉండదు. అందుకని మొదట్లో రోడ్డు దాటాల్సిన అవసరమే లేని దారి ఎంచుకోండి.

ఇంకో పరీక్ష కొలత లేనిది, దీనికంటే ముఖ్యమైనది. అన్నం తినేటప్పుడు చూడండి, కంచంలో ఎడమ వైపు కూర అలాగే మిగిలిపోతోందా? తలుపులోంచి వచ్చేటప్పుడు ఎడమ భుజం తగులుతోందా? గడ్డం గీసుకుంటే ఎడమ చెంప మీద వెంట్రుకలు ఉండిపోతున్నాయా? ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయంటే దెబ్బ తగిలింది మెదడు కుడి వైపు. వాళ్లలో కొందరికి కళ్లు బాగున్నా ఎడమ పక్క ప్రపంచమే లేనట్టు ఉంటుంది. కొందరికి చూపులోనే ఎడమ సగం పోతుంది. ఇంట్లో ఇది బయటపడదు. వీధిలో ప్రాణం మీదికి వస్తుంది. రోడ్డుకు కుడి అంచున ఎదురొచ్చే బండ్లను చూస్తూ నడవమని అందరికీ చెప్తాం. మీ నాయన అలా నడిస్తే బండ్లు పోయేది ఆయన ఎడమ పక్క నుంచే. ఈ లక్షణాల్లో ఒక్కటి కనిపించినా ఒంటరిగా పంపకండి. కంటి డాక్టరుకూ, న్యూరాలజీ డాక్టరుకూ చూపించండి. ఎప్పుడూ మీరు ఆయనకు ఎడమ పక్కన, బండ్లకూ ఆయనకూ మధ్యన ఉండండి. నాలుగడుగులకోసారి తలను పూర్తిగా ఎడమకు తిప్పి చూడటం అలవాటు చేయించండి. మీరు మాట్లాడేది కూడా ఎడమ పక్క నుంచే మాట్లాడండి.

ఇక కర్ర. నాలుగు కాళ్ల కర్ర ఇంట్లో గచ్చు మీద కదలకుండా నిలబడుతుంది. వీధిలో మూడు కాళ్లు ఆని ఒకటి గాల్లో ఉంటే ఊగుతుంది. బయటికి ఒంటి కర్ర మేలా, ఇదే మేలా అన్నది మీ ఫిజియోథెరపిస్టు వీధిలో నడిపించి చూసి చెప్పాలి. ఏదైనా కుడి చేతిలోనే పట్టుకోవాలి. చెప్పులు వేసుకుని నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే, మణికట్టు మడత దగ్గరికి కర్ర పిడి రావాలి. అడుగున రబ్బరు బుష్ అరిగి నున్నగా అయితే ఆ రోజే మార్చేయండి, మందుల షాపుల్లోనూ సర్జికల్ షాపుల్లోనూ దొరుకుతుంది. హవాయి చెప్పులు వద్దు. ఎడమ కాలికి స్పర్శ తగ్గితే చెప్పు ఊడిపోయినా తెలియదు. మడమ వెనక పట్టీ ఉండి, ఒక చేత్తో అతికించుకునే సాండల్స్ కొనండి. పాదం పైకి లేవక బొటనవేలు నేలకు రాసుకుంటుంటే కాలికి ఏ.ఎఫ్.ఓ. స్ప్లింట్ (చీలమండను, పాదాన్ని నిలబెట్టి ఉంచే తొడుగు) అవసరమేమో అడగండి. అది వేసిన రోజు సాయంత్రం విప్పి, చర్మం ఎక్కడైనా ఎర్రగా కందిందేమో మీరే చూడాలి. లుంగీ కాళ్లకు అడ్డం పడుతుంది. బయటికి ప్యాంటే మంచిది.

మీ ఇంటి ముందు బండల సంగతి కూడా చూడండి. పొద్దున్నే వాకిలి కడిగి నీళ్లు చల్లుతాం. నునుపు కడప బండ తడిస్తే మామూలు మనుషులకే కాలు జారుతుంది. ఆయన నడిచి వచ్చాక వాకిలి కడగమని అమ్మకు చెప్పండి. కాలవ మీద కదిలే బండ కింద కాస్త సిమెంటు పెట్టించి అదరకుండా చేయించడం ఒక మేస్త్రికి చిన్న పని. నెల రోజుల వ్యాయామం ఇవ్వని ధైర్యం ఆ ఒక్క మరమ్మతు ఇవ్వవచ్చు. గేటు దగ్గర మెట్టు ఉంటే కుడి పక్కన పట్టుకోవడానికి ఒక పైపు బిగించండి. దిగేటప్పుడు కుడి పక్క, ఎక్కేటప్పుడు కుడి పక్క వేరువేరు కదా, వీలైతే రెండు వైపులా పెట్టించండి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, అంటే కుడి కాలు. దిగేటప్పుడు కర్ర, దాని వెంట ఎడమ కాలు ముందు.

బలవంతం చేయొచ్చా అని అడిగారు. వద్దు. కానీ అడగడం మానొద్దు. ‘నడకకు పోదాం పా’ అంటే ఆయనకు అది ఇంకో వ్యాయామం. ‘టీ అంగడికి పోయొద్దాం’ అంటే వేరు. ఎక్కడికి పోవాలో ఆయనే చెప్పాలి. ఆ చోటును ముక్కలు చేయడం మీ పని. కొన్నాళ్లు గేటు బయట కుర్చీ వేసుకుని వీధిలో కూర్చోవడమే. మనుషులు ఆయన్ను చూస్తారు, అడగాల్సింది అడుగుతారు, ఆ ముచ్చట అయిపోతుంది. తర్వాత పక్కింటి అరుగు దాకా పోయి కూర్చుని రావడం. తర్వాత రెండిళ్లు. దారిలో ఎక్కడెక్కడ కూర్చోవచ్చో ముందే చూసి పెట్టుకోండి. అలసట వచ్చాక వెనక్కి తిరగకూడదు, ఉన్న దమ్ములో సగం ఖర్చు కాకముందే తిరగాలి. టీ అంగడి దగ్గర చేతులు లేని స్టూలు మీద కాకుండా, చేతులున్న కుర్చీ వేయమని అంగడాయనకు ముందురోజే చెప్పి రండి. జనం తక్కువుండే వేళ చూసుకోండి. ఎండాకాలం మన కడప 40 డిగ్రీలు దాటుతుంది కాబట్టి ఎండ ముదరకముందే ఇల్లు చేరాలి. బీపీకి నీళ్ల మాత్ర (మూత్రం ఎక్కువ పోయేలా చేసేది) వాడుతుంటే ఎండలో కళ్లు తిరిగే ప్రమాదం ఇంకా ఎక్కువ.

మీరు నడిచేది ఆయన ఎడమ పక్కన, అరడుగు వెనగ్గా. ఎడమ రెక్క పట్టుకుని లాగొద్దు. పక్షవాతం వచ్చిన భుజం కీలు వదులుగా ఉంటుంది, లాగితే జారుతుంది, ఆ నొప్పి నెలల తరబడి వదలదు. నడుముకు వెడల్పాటి గట్టి బెల్టు కట్టి, వెనక దాన్ని పట్టుకోండి. మొదటి రెండు మూడుసార్లు ఫిజియోథెరపిస్టును ఇంటికి పిలిపించి వీధిలో పక్కనుంచి చూపించమనండి. ఒక్కసారి అదనంగా ఫీజు ఇచ్చినా పర్వాలేదు. అంతా ఇంటివాళ్లే చేసుకోవచ్చు అనే మాటను నేను ఒప్పుకోను. మన దేశంలోనే 14 ఆస్పత్రుల్లో 1,250 మంది రోగులతో, కుటుంబ సభ్యులకు శిక్షణ ఇచ్చి వాళ్లతోనే వ్యాయామాలు చేయిస్తే ఎలా ఉంటుందో చూశారు. 2017లో ఫలితాలు వచ్చాయి. మామూలు వైద్యం కంటే అదనపు లాభం కనిపించలేదు. మీ ప్రేమ చాలక కాదు, ఇది నేర్చినవాళ్లు నేర్పాల్సిన పని. మన ఊళ్లలో ఆక్యుపేషనల్ థెరపిస్టులు తక్కువ కాబట్టి ఫిజియోథెరపిస్టునే ‘నాయనను టీ అంగడి దాకా పంపడం మా లక్ష్యం’ అని స్పష్టంగా అడగండి. ‘కాలికి బలం రావాలి’ అని అడిగితే మళ్లీ గదిలో వ్యాయామమే వస్తుంది.

మగవాళ్లు నోరు విప్పి చెప్పని కారణం ఒకటుంది. మూత్రం. పక్షవాతం తర్వాత మూత్రం వస్తే ఆపుకోలేకపోవడం చాలామందిలో ఉంటుంది. బయట తడిసిపోతానేమో అనే భయంతో గేటు దగ్గరే ఆగిపోయేవాళ్లను నేను చూశాను. కూతురిగా మీరు అడగడం ఆయనకు ఇబ్బందిగా ఉంటే, అన్నో బావో అడగనివ్వండి. బయల్దేరే ముందు పోయి రావడం, దారిలో ఎవరింట్లో బాత్రూం వాడుకోవచ్చో ముందే అనుకోవడం సరిపోతుంది. భయంతో నీళ్లు తాగడం మాత్రం తగ్గించనివ్వకండి.

సిగ్గు ఇంకోటి. మునుపు ఊరంతా తిరిగిన మనిషి ముడుచుకున్న చెయ్యితో పోవాలంటే మనసు ఒప్పుకోదు. ఎవరైనా ‘ఇంకా చెయ్యి రాలేదా’ అంటే ఏం చెప్పాలో ఇంట్లోనే ఒక మాట అనుకోండి. పావురం రక్తం రాయండి, ఫలానా ఊళ్లో నాటు మందు వేయండి అనే సలహాలు కూడా వీధిలోనే ఎదురవుతాయి. వినండి, బీపీ మాత్రలు మాత్రం ఒక్కరోజు కూడా ఆపకండి. ఇవేవీ కాక, దేని మీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం ఉంటే అది డిప్రెషన్ కావచ్చు. పక్షవాతం వచ్చినవాళ్లలో సుమారు ముగ్గురిలో ఒకరికి వస్తుంది, మందులతో తగ్గుతుంది. డాక్టరుకు చెప్పండి. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌లో తెలుగులోనే మాట్లాడతారు.

దేవుని కడపకు నడిచే పోవాలని ఏముంది? ఆటోలో పోండి. ఆటో ఎక్కడంలో ఒక కిటుకు ఉంది, ఎడమ వైపు పడిపోయినవాళ్లకు బాగా పనికొస్తుంది. లోపలికి ముఖం పెట్టి ఎక్కబోతే డ్రైవరు వెనకుండే కడ్డీ ఆయన ఎడమ చేతి వైపు ఉంటుంది, ఆ చెయ్యి పట్టుకోలేదు. అదే వీపు ఆటో వైపు తిప్పి నిలబడితే కడ్డీ కుడి చేతికి వస్తుంది. కడ్డీ పట్టుకుని, తల వంచి, వెనక్కి సీటు మీద కూర్చోవాలి. తర్వాత కుడికి తిరుగుతూ కుడి కాలు లోపల పెట్టి, ఎడమ కాలిని చేత్తో ఎత్తి పెట్టుకోవాలి. తెలిసిన ఆటో ఆయన్ను ఖాళీగా ఉన్నప్పుడు మీ ఇంటి ముందు ఆపమని, కదలని ఆటోలో నాలుగైదుసార్లు ఎక్కి దిగడం సాధన చేయించండి. షేర్ ఆటో ఇప్పుడే వద్దు, అక్కడ అందరికీ తొందర.

గుడిలో చెప్పులు విప్పాలి. స్ప్లింట్ వాడుతుంటే చెప్పు లేకుండా అది జారుతుంది. కాబట్టి వట్టి కాళ్లతో, స్ప్లింట్ లేకుండా ఎంతసేపు నిలబడగలరో ముందే ఇంట్లో చూసుకోండి. స్పర్శ లేని పాదం ఎండకు కాలిన రాళ్ల మీద పెడితే కాలినట్టు ఆయనకు తెలియదు, ఇంటికి వచ్చాక బొబ్బలు మీరు చూస్తారు. పొద్దున్నే పోండి. శనివారం రద్దీ కాబట్టి మొదటిసారి ఇంకో రోజు ఎంచుకోండి, ఏ రోజైనా స్వామి అక్కడే ఉంటాడు.

వీల్‌చైర్ వల్ల నడక పోదు. ఇంట్లో కూడా దాంట్లోనే కూర్చోబెడితే పోతుంది. పెళ్లికో, ఆస్పత్రికో, దూరం నడవాల్సిన చోటికో వీల్‌చైర్‌లో పోయి, అక్కడ పది అడుగులు నడిస్తే ఆ పది అడుగులూ లాభమే. కొనేముందు అద్దెకు తెచ్చి చూడండి. సదరం (వైకల్య) సర్టిఫికెట్ తీసుకోలేదంటే తీసుకోండి. 40 శాతం, ఆ పైన వైకల్యం ఉందని తేలితే పింఛనుకు దరఖాస్తు చేసుకోవచ్చు, సాయం పరికరాలకు కూడా అదే ఆధారం.

అమ్మ భయాన్ని కొట్టిపారేయకండి. రేపు నిజంగా పడితే లేపాల్సింది ఆమే. అందుకే పడినప్పుడు ఏం చేయాలో ఆమెకు ముందే నేర్పండి. రెక్కలు పట్టి లాగకూడదు. ముందు నొప్పి ఎక్కడుందో అడిగి, కుడి పక్కకు తిప్పి, ఒక కుర్చీ దగ్గరికి తెచ్చి, దాని ఆసరాతో మోకాలి మీదికి, అక్కడి నుంచి పైకి. ఇది ఇంట్లో పరుపు మీద ఫిజియోథెరపిస్టు ముందు ఒకసారి చేసి చూస్తే ఆమెకు సగం టెన్షన్ పోతుంది. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు తలకు దెబ్బ తగిలేలా పడితే, పైకి ఏమీ కనబడకపోయినా ఆస్పత్రికి పోవాల్సిందే. మూతి వంకర పోవడం, మాట తడబడటం, చెయ్యి లేదా కాలు కొత్తగా బలం తగ్గడం కనిపిస్తే వెంటనే 108. మెదడు రక్తనాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కు లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే గడువు. చొక్కా జేబులో ఆయన పేరు, మీ ఫోన్ నంబరు, వాడే మాత్రల పేర్లు రాసిన కాగితం ఉంచండి.

ఎక్సెల్ విషయం సూటిగా చెప్తాను, ఇప్పుడు వద్దు. బండి నిలబెట్టాలంటే రెండు చేతులూ, నేల మీద ఆనడానికి రెండు కాళ్లూ కావాలి. అన్నిటికన్నా ముందు ఎడమ పక్క నుంచి వచ్చేది కనబడాలి. కళ్ల పరీక్ష, డాక్టరు మాట అయ్యాక, పక్కన అదనపు చక్రాలు బిగించిన స్కూటరు గురించి ఆర్టీఓ ఆఫీసులో అడగవచ్చు. ఆయనకు ‘ఎప్పటికీ నడపలేవు’ అని చెప్పకండి, ‘డాక్టరు చూసి చెప్పేదాకా ఆగుదాం’ అనండి. మీ వెనక కూర్చోబెట్టుకుని తీసుకుపోవడం కూడా కొన్నాళ్లు ఆపండి. ఫుట్‌రెస్ట్ మీద నుంచి ఎడమ కాలు జారి చక్రం దగ్గరికి పోయినా ఆయనకు తెలియదు. మీకూ తెలియదు, మీరు ముందుకు చూస్తుంటారు.